దిగిన ముల్లు

అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ పైన రెండు గదుల్లో మేము కార్ల గేమ్ తయారుచేసేవాళ్లం. అందులో ఇంజన్ వేడెక్కి పాడవడం నిజంలా ఉండాలని చిక్కడపల్లి నుంచి ఒక మెకానిక్ అన్నను పిలిపించుకున్నాం. ఆయన దేన్నీ ముందు అరచేత్తో ముట్టుకునేవాడు కాదు. బానెట్ అయినా, చాయ్ గ్లాసైనా, నా కంప్యూటరైనా, చేతి వెనకభాగం ఆనించి ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు.

రేడియేటర్ పగిలితే వేడి చూపే ముల్లు పైకెక్కుతూనే ఉండేలా ప్రోగ్రామ్ రాశాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కాదు తమ్మీ. ముల్లు ఎక్కుతది, మళ్ల ఒక్కసారే దిగుతది. నీళ్లున్నంత సేపే అది వేడి చెప్తది. నీళ్లన్నీ పోయినంక దానికేం తెల్వది. సల్లవడ్డదని డ్రైవర్ ఖుషీగ తొక్కుతడు. గప్పుడే ఇంజన్ జామ్ అయితది."

అలాగే మార్చాను.

తర్వాతి వారం కడుపులో కుడిపక్క నొప్పని ఆయన మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు పొద్దున నేనే ఫోన్ చేశాను.

"నారాయణగూడల డాక్టర్‌కి చూపిద్దాం పా అన్నా."

"ఎందుకు తమ్మీ? నిన్నటిదాక పరేషాన్ చేసింది. ఇయ్యాల ఒక్కసారే పోయింది. హాయిగున్న. సాయంత్రం వస్త."

"మంచిదన్నా," అని ఫోన్ పెట్టేసి, ముల్లు దిగే వేగం సరిచూసుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం ఆయన రాలేదు. రెండు రోజులకు ఆయన పోయాడని భార్య చెప్పింది. నొప్పి పోయినప్పుడే లోపల పేగు పగిలిందని డాక్టర్ అన్నాడట.

ముల్లు దిగాక ఇంజన్ ఎందుకు ఆగాలి, ఇది తప్పు, దిద్దండి అని గేమ్ ఆడేవాళ్లు ఇప్పటికీ రాస్తుంటారు. చదివిన ప్రతిసారీ "మంచిదన్నా" అన్న నా గొంతే నాకు వినిపిస్తుంది.