మామా నేమా నన్ను టౌనుకు తీసుకెళ్ళిన పొద్దు

చెత్త బిన్ను రోడ్డు మీద పెట్టి రావడానికి లుంగీ మీద ఓవర్‌కోటు వేసుకుని గుమ్మం దాటినవాణ్ణి, కాసేపటికి షెఫీల్డ్ నడిబొడ్డున బస్సు దిగాను. నా చెయ్యి ఒక టాంజానియా పెద్దావిడ చేతిలో ఉంది. ఇంతటి ఘనకార్యం ఒకే ఒక్క స్వాహిలీ వాక్యంతో సాధించాను.

అప్పటికి మేం ఇంగ్లండు వచ్చి ఏడాది కాలేదు. నా భార్య సువార్త ఆసుపత్రిలో నర్సు. నేను గుంటూరులో పత్రికాఫీసు వదిలి వచ్చి, ఇంట్లో వంకాయలు తరుగుతున్నాను. సువార్తతో పాటు పనిచేసే నేమాది మా ఎదురిల్లు. తల్లిని టాంజానియా నుంచి తెచ్చుకుంది. అక్కడ తల్లిని బిడ్డ పేరుతో పిలుస్తారు. మామా అంటే వాళ్ళ స్వాహిలీ భాషలో అమ్మ. కాబట్టి ఆవిడ మామా నేమా. ఇంగ్లీషు రాదు. రోజూ బస్‌స్టాపు దాకా వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది, ఒక్క బస్సూ ఎక్కదు.

"ఇలాగే భయపడుతూ ఉంటే వెనక్కి పంపించేస్తానంటోంది నేమా," అంది సువార్త. "మీరు పగలంతా ఇంట్లోనేగా, కాస్త పలకరించకూడదూ?"

"ఏ భాషలో?"

"పేపర్లో అన్నేళ్ళు రాశారు, ఒక్క ముక్క నేర్చుకోలేరా?"

పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోనులో పాఠం వెతికాను. 'బాసి హీలి లినయెండ మ్జీని?' ఈ బస్సు టౌనుకు వెళ్తుందా? బాసి అంటే బస్సే. పరాయి ఊళ్ళో చుట్టం దొరికినట్టయింది. హీలి అంటే ఈ. వెళ్ళేదెవరో మనం క్రియ చివర చెప్తాం. వాళ్ళు 'లి' అని క్రియ ముందే ఇంజనులా తగిలిస్తారు. 'న' అంటే ఇప్పటి సంగతి, 'యెండ' అంటే వెళ్ళడం. మ్జి అంటే పట్నం, వెనక 'ని' మన 'కి' లాంటిది. అంతే, ఆ భాషకు వ్యాకరణం రాసినవాడిలా ఇల్లంతా పచార్లు చేశాను.

ఇక్కడే నా బుద్ధి గుంటూరుకు పోయింది. మన దగ్గర బస్‌స్టాపులో నిలబడ్డవాణ్ణి చూసి "ఏం, బస్సుకేనా?" అంటాం. జవాబు ఎవరిక్కావాలండీ? అది పలకరింపు! ఆ లెక్కనే, బిన్ను పెట్టేసి, ఆవిడ ముందు నిలబడి, వస్తున్న బస్సును చూపించి నా వాక్యం వదిలాను.

మామా నేమా నా లుంగీ చూసింది. చెప్పులు చూసింది. "పోలె, పోలె," అంది. అయ్యో పాపం, అని. దిక్కు తెలియని మనిషి దారి అడిగితే వదిలేసే రకం కాదావిడ. చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

"నో, నో, మామా!"

"ట్వెందె!" పద, అని.

"ఆల్ రైట్, లవ్?" అన్నాడు డ్రైవరు, ఈ ఊళ్ళో ఎవరినైనా పిలిచినట్టే, నా లుంగీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

అతనికి ఒక్క మాట చెప్పి దిగిపోవచ్చు. నోరు తెరిచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నాళ్ళూ ఒక్క బస్సూ ఎక్కని మనిషి నాకోసం ఎక్కిందని. నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను.

ఫోను మోగింది. డ్యూటీ నుంచి ఇంటికొచ్చిన సువార్త.

"ఏమండీ, తలుపు బార్లా తీసుంది, మీరేరీ?"

"టౌనుకెళ్తున్నా."

"ఏం వేసుకుని?"

"అది తర్వాత మాట్లాడుకుందాం."

ఆవిడను వెనక్కి పంపలేదు. ఇప్పుడు మార్కెట్టుకీ చర్చికీ బస్సులో ఒంటరిగానే తిరుగుతోంది. నేను మాత్రం ఆ రోజే సువార్త ఇచ్చిన కాఫీ కప్పు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ప్యాంటు వేసుకోకుండా ఏ భాషలోనూ ఎవరినీ పలకరించను.

దారి తెలియక అల్లాడుతుంటే ఈయన్ని నేనే టౌనుకు తీసుకెళ్ళానని మామా నేమా చర్చిలో అందరికీ నన్ను చూపించి చెబుతుందట. నేను దారి తప్పలేదని ఆవిడకు ఇప్పటికీ తెలియదు.