రెండు గీతల పెళ్లిళ్లు

మీ ఇంట్లో చెవిటి బిడ్డ పుడితే ముందుగా ఎవరిని నిందిస్తారు? గ్రహణాన్నా, తల్లినా? మొన్న గ్రహణం నాడు, షోళింగనల్లూరులో మా కింది అంతస్తులో ఉండే గుంటూరు దంపతులు, పగలంతా కంప్యూటర్ల ముందు కూర్చునే చదువుకున్నవాళ్లు, భార్య కడుపుతో ఉందని కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆమెను కూరగాయలు కూడా తరగనివ్వలేదు. కోపం వచ్చింది గాని, ఆ కోపం వెనకాలే తొండియార్‌పేటలోని మా పాత ఇల్లు, మా అవ్వ, మా పెద్దమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మాది తరతరాలుగా ఇక్కడే, ఈ అరవనాట స్థిరపడిన తెలుగు కుటుంబం. పిల్లను బయటికిస్తే బంధం తెగుతుందని మేనమామకే ఇచ్చేవాళ్లు. అవ్వ తన పెద్దకూతురిని, అంటే మా పెద్దమ్మను, తన సొంత తమ్ముడికే ఇచ్చింది. వాళ్ల ఇద్దరు కొడుకులూ పుట్టుచెవిటివాళ్లు. గ్రహణం పట్టినప్పుడు పెద్దమ్మ వక్కలు కత్తిరించినందుకే ఇలా అయిందని అవ్వ తేల్చింది. రెండోవాడికీ ఏదో గ్రహణాన్ని వెతికి పట్టుకున్నారు. తప్పు గ్రహణానిదైతే మేనరికానికి భయమెందుకు? మా చెల్లెల్ని అమ్మ తమ్ముడైన చిన్నమామకు ఇవ్వడానికి మాటలు జరిగాయి.

అప్పటికి నేను ఒక ఆసుపత్రిలో క్రోమోజోముల ల్యాబులో కొత్తగా చేరాను. రక్తకణాలను మూడు రోజులు పెంచి, గాజుపలక మీద ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపులో ఫోటో తీసి, అందులోని ఒక్కొక్క క్రోమోజోమునూ కత్తెరతో కత్తిరించి, పొడవు చూసి జతలుగా అట్ట మీద అతికించడం నా పని. గట్టిగా ఊపిరి వదిలితే చిన్నముక్కలు ఎగిరిపోయేవి, బల్లకింద దూరి వెతుక్కునేదాన్ని. పెద్ద డాక్టరమ్మ అనుమతితో చెల్లెలిదీ మామదీ రక్తం పరీక్షించాను. ఇద్దరికీ నలభై ఆరూ సరిగ్గా ఉన్నాయి. ఏ లోపమూ లేదని ఇంట్లో గర్వంగా ప్రకటించాను. అవ్వ వెంటనే ముహూర్తం పెట్టించింది. హేతువాదినని చెప్పుకునే నేనే మేనరికానికి సైన్సు ముద్ర కొట్టి ఇచ్చాను!

సంగతి విన్న డాక్టరమ్మ, నలభై ఆరు పుస్తకాల లెక్క సరిపోయినంత మాత్రాన లోపల అచ్చుతప్పులు లేవంటావా అని అడిగింది. మైక్రోస్కోపుకు అందని లోపం ఒక కుటుంబంలో దాగి ఉంటే, ఆ కుటుంబంలోనే పెళ్లాడినవాళ్లలో అది ఇద్దరిలోనూ ఉండవచ్చు. ఇద్దరి నుంచీ దాన్ని అందుకున్న బిడ్డలో బయటపడుతుంది. కత్తెర పక్కనపెట్టి వంశపటం గీసుకు రమ్మంది.

మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, చెవిటివాళ్లకు నల్లరంగు, రక్తసంబంధంలో పెళ్లికి రెండు గీతలు. ముహూర్తం పెట్టినాక ఈ బొమ్మలేందే, సుమ్మా ఊరికే ఉండు అని అవ్వ కసిరింది గాని, ఎవరు ఎవరికి ఏమవుతారని అడిగితే ఆగేది కాదు. నాలుగు తరాలు చెప్పింది. సౌకార్‌పేటలో కాపురమున్న తన మేనత్తకు వినపడని, మాట రాని కొడుకు ఉండేవాడని చెబుతూ, వాళ్లదీ మేనరికమేనని తానే గుర్తు చేసుకుని, నా చేతిలోని కాగితం వైపు వంగింది. రెండు గీతల కింద మళ్లీ నల్లరంగు. అవ్వ కాగితం మీంచి తల ఎత్తింది.

“అయితే అది నా బిడ్డ చేసిన తప్పు గాదా? మా పుట్టింట్నించే వస్తా ఉండాదా?”

ఎవరి తప్పూ కాదన్నాను. గుమ్మంలో నిలబడి వింటున్న పెద్దమ్మ వచ్చి, అందులో తనెక్కడుందని అడిగి, ఆ వృత్తం మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

“నా బిడ్డల చెవులు నేనే మూసేసినానని ఇన్నేండ్లూ అనుకుంటి గదే.”

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. ముహూర్తాన్ని అవ్వే వెనక్కి తీసుకుంది. తర్వాత చెల్లెలికి బయటి సంబంధం కుదిరితే, చిన్నమామ మేనమామగానే పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చి, బరువెక్కినావే అని ఏడిపించాడు.

ఇప్పుడు కత్తెరలు పోయాయి. ఆ అచ్చుతప్పులను కూడా యంత్రాలు చదువుతున్నాయి. కానీ నాలుగు తరాలను నోటితో చెప్పే అవ్వలు లేరు. ఫోనులో వందల నంబర్లున్నా, తాతమ్మ పేరడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. చిత్రమేమిటంటే, ఆ అవ్వలు పోయినా వాళ్లు వేసిన నిందలు మాత్రం పోలేదు. మీ ఇంట్లోనూ అలాంటి నింద మోస్తున్న తల్లి ఉంటే, ఇది చదవడం ఆపి లేవండి. ఆమె దగ్గరికి వెళ్లి, తప్పు నీది కాదని ఇప్పుడే చెప్పండి.