పచ్చి సేమ్యా

మా టీచరమ్మ పోయారని మొన్న పొద్దున్నే పెనుకొండ నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఆమె మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఆమె గొంతే వినబడింది.

ఆమె నాయన హిందూపురంలో సైకిల్ షాపు నడిపిన ముస్లిం. అమ్మ ధర్మవరం నేతగాళ్ళ బిడ్డ. ఇద్దరూ తొందరగా పోతే అమ్మమ్మ ఇంట్లో పెరిగారు. అక్కడ ఆమెకు కంచం వేరు, గ్లాసు వేరు.

ఏటా రంజాన్‌కు హిందూపురం మేనత్త ఎవరి చేతనో ఒక సంచి పంపేది. సేమ్యా, చక్కెర, జీడిపప్పు, ద్రాక్ష. తమ వంట తినని హిందువుల ఇళ్ళకు ముస్లింలు అలా పచ్చి సామాను పంపడం మా వైపు మర్యాద. ఆ మర్యాదే టీచరమ్మకు ముల్లులా గుచ్చుకునేది. "అన్న బిడ్డను కదా నేను, నాకూ పచ్చివేనా?" అనేవారు. ఆ సేమ్యా వండి పిల్లలం మాకందరికీ పెట్టేవారు, తాను మాత్రం ముట్టేవారు కారు.

ఇదంతా తాను పాఠాలు చెప్పే బడి గోడపత్రికలో రాసేవారు. మీలో ఎవరైనా ఆ బడిలో చదివి ఉంటే గోడపత్రిక గుర్తుండే ఉంటుంది. పిల్లల బొమ్మల పక్కన ఆమె కాగితం ఉండేది. ఒకసారి ఆమె ధర్మవరం చిన్నమ్మ వచ్చి చూసి, "ఇంటి గుట్టు గోడకెక్కిస్తావేమే?" అని కేకలేసింది.

"నా గుట్టే కదా చిన్నమ్మా" అని టీచరమ్మ నవ్వారు. ఆ రోజు మాత్రం పాఠం చెప్పలేకపోయారు.

"రాస్తే తగ్గుతాదా టీచరమ్మా?" అని అడిగాను.

"తగ్గదమ్మీ. యాడ నొస్తాందో తెలుస్తాది, అంతే."

నేను చేరేసరికి టీచరమ్మ వాకిట్లో ఒక ముసలామె కూర్చుని ఉంది. మేనత్త. మేనకోడలికి బాగాలేదని విని పండగ సంచి ఈసారి తానే తెచ్చిందట. ఒళ్ళో అదే సంచి. నాకు దుఃఖం ఆగలేదు.

"ఒక్కసారన్నా వండి తేకపోతివే అవ్వా! దానికోసమే టీచరమ్మ ఏడ్చేది."

ఆమె నా మొహంలోకి చూసింది. "మా ఇంటి వంట తినిందని వాళ్ళమ్మ తరపోళ్ళు బిడ్డను ఇంకో మాట అంటారని పచ్చివే పంపిస్తాంటినమ్మా. బిడ్డ తింటాదని నాకెవరు చెప్పిరి?"

అన్నేళ్ళు గోడమీద రాసిన మాట హిందూపురం దాకా పోలేదు.

చావింట్లో పొయ్యి వెలిగించరు. మేనత్త సంచి తీసుకుని మా వంటింట్లోకి వచ్చింది. అమ్మ పక్కకు జరిగి పాలగిన్నె అందించింది. మేనత్త సేమ్యా వండి గిన్నెలో పోసి, కొంగుతో పట్టుకుని తెచ్చి, టీచరమ్మ తల దగ్గర పెట్టింది.

"తినమ్మా" అంది.

గిన్నెలోంచి ఆవిరి చాలాసేపు లేస్తూనే ఉంది.