పిల్లి నోట్లో ముల్లు

మా పెద్దమ్మ మహాలక్ష్మమ్మ జాలారిపేట ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్మేది. చేపలున్నచోట పిల్లులు తప్పవు. మిగతా ఆడవాళ్లు వాటిమీద రాళ్లు విసిరితే, ఈవిడ వాటి నోళ్లు తెరిచి చూసేది. అంగిటికి అడ్డంగా ముల్లు ఇరుక్కుంటే పిల్లి తిండి మానేసి చస్తుంది. మెడతోలు పట్టుకుని, దవడ మూల నొక్కి, వేలితో లాగి పారేసేది. పేటలో ఎవరి పిల్లికి ముల్లు పడినా ఆవిడ దగ్గరికే తెచ్చేవారు.

నాకూ చూపించింది. "సూడే ఈశ్వరీ, ముందరవి నూకల్లాటి పళ్లు. అటూ ఇటూ కోరలు. ఎనకవి మనలాగ నమల్డానికి కాదు, కత్తెర్లాగ కోత్తాయి. నాలికైతే ఆకురాయే!"

తొంభై ఏడు వేసవిలో ఒక ఊరపిల్లి తూలుతూ వచ్చింది. దవడ వేలాడుతోంది, చొంగ తీగలా కారుతోంది. కుక్కలు కూడా అరవకుండా పక్కకు తప్పుకున్నాయి.

"పాపం, ఎంత ముల్లు పడిందో!" అంటూ పెద్దమ్మ కూర్చుంది.

"వద్దు పెద్దమ్మా, దాని చూపు బాగులేదు."

"నువ్వు నాకు సెప్తన్నావేటి?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఏం చేస్తాం! వేలు లోపలికి పోనిచ్చి అంగిలంతా, వెనకపళ్ల దాకా తడిమింది.

"ముల్లు లేదే," అంది నెమ్మదిగా. వేలు తీస్తుంటే కోర గీసుకుంది. చిన్న రక్తపు చుక్క, అంతే. పసుపు అద్దుకుంది. మర్నాటికి ఆ పిల్లి పడవల కింద చచ్చి పడి ఉంది.

ఆసుపత్రికి పదమని తిట్టాను, ఏడ్చాను. "పిచ్చికుక్కయితే ఎల్దును. పిల్లికి సూదులేటి? రోజూ సేపముల్లు గుచ్చుకోదా నాకు?" అని నవ్వింది. పిల్లి నోట్లో ముల్లే తప్ప రోగం ఉండదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

గాయం మానిపోయింది. నా భయాన్ని ఇంటిల్లిపాదీ వెక్కిరించారు. వినాయకచవితి దాటాక, ఆ వేలి మీద చీమలు పాకుతున్నట్టుందని పెద్దమ్మ గోక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత జ్వరం, నిద్రలేమి.

ఒక ఉదయం మంచినీళ్లు అందించాను. గ్లాసు పెదవుల దాకా వచ్చేసరికి గొంతు బిగుసుకుపోయి, ఒళ్లంతా వణికి, దాన్ని విసిరికొట్టింది. గడ్డం మీదుగా చొంగ కారింది. చేత్తో తుడుచుకుని, ఆ తడి చేతిని చాలాసేపు చూసుకుంది.

గుమ్మంలో మనవలు ఆడుకుంటున్నారు. చిన్నది నాయనమ్మ ఒళ్లోకని పరుగెత్తుకొస్తోంది.

పెద్దమ్మ గోడదాకా వెనక్కి జరిగిపోయింది. "ఈశ్వరీ, పిల్లగుంటల్ని తీస్కెళ్లిపోయే. నా కాడికి రానీయకు," అంది.

చిన్నదాన్ని ఎత్తుకుని బయటికొచ్చాను. లోపల్నుంచి ఆవిడే తలుపు గడియ వేసుకుంది.