మంచు దేశానికి పోకూడని మిరప గింజ

హరిద్వారం వెళ్తుంటే, ఢిల్లీ రైల్లో నా ఎదుట ఒక తెనాలి పంతులమ్మ కూర్చుంది. పాత చలికోటు జేబులు తిరగేసి సూదితో దుమ్ము తీస్తోంది. దక్షిణ ధ్రువం వైపున్న మంచు దేశానికి ఓడలో వెళ్తోందట. పదకొండేళ్లు దాచిన జీతం చాలక గాజులు కూడా అమ్మిందట.

“మంచు చూడ్డానికి గాజులమ్ముకుంటావా? బుద్ధుందా అమ్మాయ్?”

“కోటు సెకండ్‌హ్యాండేలెండి పెద్దమ్మగారూ!”

ఆ పొదుపు నచ్చి, మా చేలో పండిన ఎండుమిరపకాయలు గుప్పెడు తీసి కోటు మీద పెట్టాను. ఆమె కెవ్వుమంది.

“అయ్యో, తీసేయండి! అక్కడ బయటి మొక్క మొలవకూడదని ఒక్క విత్తనం కూడా పోనివ్వరు. కనబడితే నన్ను ఓడ దిగనివ్వరు!”

విత్తనం పడకూడని నేల కూడా ఉంటుందా? గబగబా కాయలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని కోటంతా వెతికాను. కాలరు మడతలో మిరప గింజ ఒకటి దొరికింది. దాన్ని కొంగున ముడేసుకుని, ఢిల్లీ దాకా ఆ కొంగు విదల్చలేదు.