బోర్డు మీద ఆర్ విలువ

ల్యాబులో అమ్మోనియా సీసా మూత తీస్తే ముక్కులోంచి నడినెత్తికి ఎక్కే ఆ ఘాటుకు నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పిల్లలు నవ్వుతారు. నాకు సుశీల మేడమ్ గుర్తొస్తారు. ఉరవకొండలో ఇంటర్ చదివేటప్పుడు మాకు కెమిస్ట్రీ చెప్పిన మనిషి. కోపం ఎక్కువ, నిద్రలో లేపి అడిగినా పాఠం చెప్పగలరని పేరు.

ఆ రోజు అమ్మోనియా తయారయ్యే చర్యకు గాఢతల్లో సమతాస్థితి స్థిరాంకం కేసీ ఇచ్చి, పీడనాల్లో దాని విలువ కేపీ అట్మాస్ఫియర్లలో కనుక్కోమన్నారు. నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. నాలుగు మోల్‌ల వాయువులు రెండవుతాయి కాబట్టి డెల్టా ఎన్ మైనస్ రెండు. వాయు స్థిరాంకం ఆర్ విలువ 0.0821 వేసి లెక్క కట్టాను. మేడమ్ చెప్పిన జవాబుకూ నాదానికీ పదివేల రెట్లు తేడా వచ్చింది. ఆవిడ వేసింది 8.314.

"ఆర్ విలువ కూడా రాని బుర్రకు కెమిస్ట్రీ ఎందుకు? ఇంటికాడ శెనక్కాయలు వొలుచుకో పో" అంటూ నా లెక్క తుడిచేశారు.

నేను మరిచిపోయిన అన్నం క్యారియర్ ఇవ్వడానికి వచ్చిన నాయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. క్యారియర్ నాకివ్వకుండా తనే పట్టుకుని, "పా అమ్మా, నలుగుర్లో ఇట్లనిపించుకునే సదువు మనకొద్దు" అన్నాడు. ఆయన వెనకే తల వంచుకుని బస్సెక్కాను. తిట్టు నాకు పడితే సిగ్గు ఆయన మొహంలో కనబడింది. అదే నన్ను ఎక్కువ కోసింది.

మళ్లీ కాలేజీకి పంపలేదు. వారం తిరక్కుండానే, వజ్రకరూరు దారిలోని మా ఊళ్లో, కల్లంలో ఆడవాళ్లతో కూర్చుని చెట్ల నుంచి శెనక్కాయలు దూస్తుంటే, ఎర్రమట్టి దారిలో మేడమ్ నడిచి వస్తూ కనబడ్డారు. నా మట్టి చేతులు చీర చెంగు కింద దాచుకోవాలనిపించింది. నా ఒంటి మీద ఉన్నది అమ్మ పాత చీర.

మేడమ్ నాయన ముందు నిలబడ్డారు. "పాప చేసిందే రైటప్పా. తప్పు నాది. ఇంటికాడ మళ్లా చేసి చూసుకున్నాక తెలిసింది."

"నాకేం తెలుస్తాది మేడమ్ అదంతా. దీనికి ఇంత దూరం రావల్లనా? ఎవరితోనన్నా చెప్పి పంపింటే సాలదా?"

"నలుగుర్లో అన్నాను గదా. నలుగుర్లోనే చెప్పల్ల."

దూసే చేతులు ఆగిపోయాయి. మేడమ్ మొహం ఎండకు కందిందో, సిగ్గుకు కందిందో తెలియలేదు. అన్ని రోజులుగా మనసులో ఆవిడను తిట్టుకుంటూ వచ్చిన నేను తల ఎత్తలేకపోయాను. నాయన "రేపు పంపిస్తా" అన్నాడు.

మర్నాడు బోర్డు మీద తన లెక్క, దాని కింద నా లెక్క రాసి, ఏది తప్పో చెప్పారు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మేడమ్ తన లెక్క తుడవకుండానే క్లాసు వైపు తిరిగారు.

"నవ్వండప్పా, ఏంగాదు. యూనిట్లు లీటరు, అట్మాస్ఫియర్ అయితే ఆర్ ఎంతో మాత్రం మరిచిపోవద్దండి" అన్నారు.

ఇప్పుడు అనంతపురంలో నేనూ అదే పాఠం చెబుతున్నాను. నా తప్పును ఏ పిల్లయినా పట్టుకుంటే చెవులు కాలిపోతాయి. పిల్లల మొహాలు చూడలేను. గబుక్కున తుడిచేయాలనిపిస్తుంది. తుడవను. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి, అందరూ చూస్తుండగా సుద్దముక్క తన చేతికిస్తాను.