ప్రశ్న గుర్తులు చదివిన మనిషి

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలెడితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. లోకో షెడ్డులో ఎన్ని రాత్రి డ్యూటీలు చేశారో, ఒక్కనాడూ ఏదీ కనబడలేదని చెప్పేవారు. నేనూ అలాగే పెరిగాను. పిల్లలకి అత్తగారు దిష్టి తీస్తుంటే నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నన్ను అడిగితే దెయ్యాలు లేవనే అంటాను. అలా అంటూనే ఈ సంగతి రాస్తున్నాను.

నా పేరు శారద. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, ఇక్కడే రైల్వేలో క్లర్కుగా చేస్తున్నాను. మా తాత బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడ పనిలో చేరాడు. పక్క క్వార్టర్‌లో కుమారి ఉండేది. వాళ్ళదీ మా ఊళ్ళ వైపే. ఇద్దరం ఒక్క ఈడు వాళ్ళం. అది వేరే పిల్లతో తొక్కుడుబిళ్ళ ఆడిందంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. పెళ్ళిళ్ళయ్యాక కూడా అదృష్టం కొద్దీ ఇద్దరికీ పక్కపక్క క్వార్టర్లే దొరికాయి.

ఇంటర్‌నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో మేమిద్దరం కలిసి ఇక్కడి తెలుగువాళ్ళ కోసం ఒక ఫోరం పెట్టాం. పేరు 'కాలనీ కబుర్లు'. విశాఖ రైల్లో బెర్తు దొరుకుతుందా, దయాల్‌బంద్‌లో గోంగూర ఎవరు అమ్ముతున్నారు, తెలిపారాలో అద్దె ఇల్లు ఉందా, ఇలాంటివే అందులో ఎక్కువ. సభ్యుల్ని చేర్చడం, పిచ్చి రాతలు తీసెయ్యడం నా పని. రాయడం కుమారి పని. బొగ్గు ఇంజన్ల రోజులు, వాళ్ళ నాయనమ్మ హిందీ రాక కూరగాయల వాడితో పడ్డ తిప్పలు, కాలనీలో అమ్మవారి సంబరాలు, అన్నీ మాట్లాడినట్టే రాసేది. జనం దాని కోసమే వచ్చేవారు. అది నాకేమీ కష్టంగా ఉండేది కాదు. ఎందుకంటే రాసిన ప్రతిదీ ముందు నాకు చదివి వినిపించేది.

కిందటేడాదికి ముందు ఏడు కుమారి జబ్బు చేసి పోయింది. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో పక్కన ఉన్నది నేనే. వాళ్ళాయన క్వార్టర్ ఖాళీ చేసి రాయ్‌పూర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు.

పోయిన వేసవిలో మా ఫోరం నడిచే సైటు మూసేస్తున్నామని కబురొచ్చింది. ఉన్నదంతా వేరే చోటికి మార్చుకోవాలి. ఆ పని నాకు చేతకాదు. అప్పుడు మాధవి అనే అమ్మాయి నేను చేస్తానని ముందుకొచ్చింది. వాళ్ళది కరీంనగర్. భర్త బొగ్గు గనుల్లో ఇంజనీరు. నది అవతల లింగియాడీహ్ వైపు అపార్ట్‌మెంట్‌లో అత్తగారితో కలిసి ఉంటారు. ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కుమారిని ఎప్పుడూ చూడలేదు.

పని బాగానే చేసింది. కొత్త చోట అన్నీ చక్కగా విడదీసి పెట్టింది. తెలుగు చదవడం రాని మా పిల్లల కోసం పోస్టుల్ని గొంతుతో వినే ఏర్పాటు కూడా చేసింది. మాధవి గారు, మాధవి గారు అని ఒకటే పొగడ్తలు. ఆమె లేకపోతే మన ఫోరం గతేమయ్యేదో అని ఒకాయన రాశారు. అది చదివి ఫోన్ పక్కన పడేశాను. అన్నేళ్ళు దాన్ని నడిపింది నేను. నా పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక్క చోట మాత్రం దెబ్బ తగిలింది. కుమారి మొదట్లో రాసినవన్నీ కొత్త చోటికి వచ్చేసరికి అక్షరాలు పోయి వరసగా ప్రశ్న గుర్తులైపోయాయి. పేజీ నిండా అవే. అప్పటికే పాత సైటు మూసేశారు. కాపీ ఏమైనా ఉందేమోనని కుమారి వాళ్ళాయనకి ఫోన్ చేశాను. ఆ పాత కంప్యూటర్ ఎప్పుడో పాతసామాన్ల వాడికి ఇచ్చేశానన్నారు. ఇక చేసేదేం లేదని మాధవికి చెప్పాను. ఆ రోజు ఏ పని మీదా మనసు నిలవలేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఫోరం తెరిస్తే, కుమారి నాయనమ్మ కూరగాయల కథ తెలుగులో కనబడింది. మర్నాడు ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. ప్రతి మాటా కుమారిదే. 'అచ్ఛా, అలగా' అని మధ్యలో ఆగే అలవాటుతో సహా. నేను సంతోషించాలి. సంతోషం రాలేదు. నా దగ్గర లేని కుమారి ఈ అమ్మాయికి ఎక్కడ దొరికింది?

ఆదివారం స్కూటీ తీసుకుని లింగియాడీహ్ వెళ్ళాను. ఎలా బాగుచేశావని అడిగితే మాధవి విచిత్రంగా చూసింది.

"మీరు పంపిన అక్కనే చదివింది గదా, నేను టైప్ చేసిన" అంది.

నేను ఎవర్నీ పంపలేదు. ఆ మాట వెంటనే అనలేదు. ఏ అక్క అని మాత్రం అడిగాను. పేరు అడగలేదట. శారద స్నేహితురాల్నని చెప్పిందట. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేదట. కుర్చీ వేస్తే వద్దని మంచం పక్కన కింద కూర్చునేదట. కంప్యూటర్‌లో ఆ ప్రశ్న గుర్తులు తెరిచి పెడితే, అక్కడ అక్షరాలు ఉన్నట్టే, పుస్తకం చదివినట్టు తడుముకోకుండా చదువుకుంటూ పోయేదట. తనే రాసిందేమో, నోటికి వచ్చేమో అనుకుందట మాధవి.

ఈ అమ్మాయి నాటకమాడుతోందని అనుకున్నాను. పాడవకుండా మిగిలిన కుమారి పోస్టులు దాని చేతిలోనే ఉన్నాయి, వాటిని చూసి కుమారిలా రాయడం నేర్చుకుని ఉంటుంది, నా ఫోరంతో సరిపోక నా కుమారిని కూడా తీసుకుంటోంది అనుకున్నాను.

అంతలో మాధవి అత్తగారు టీ తెచ్చారు. ఆమెకి ఫోరం అంటే ఏమిటో తెలియదు. గ్లాసు నాకిస్తూ, మీ దోస్తు టీ ఇస్తే తాగే ముందు రెండు కళ్ళకీ ఆనించుకుంటది, వేడి గ్లాసు కళ్ళకి మంచిదా అమ్మా అని అడిగారు.

కుమారికి తలనొప్పి ఉండేది. టీ గ్లాసు కనురెప్పల మీద పెట్టుకుని కాసేపు అలా ఉండిపోయేది. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రాసేంత సంగతీ కాదు.

నా ఫోన్‌లో మా కాలనీ ఆడవాళ్ళం పిక్నిక్‌కి వెళ్ళిన ఫోటో ఉంది. మాధవిని లోపలికి వెళ్ళమని, ముందు అత్తగారికి చూపించాను. వచ్చినామె ఇందులో ఉందా అన్నాను. ఆమె అద్దాలు పెట్టుకుని కుమారి మీద వేలు పెట్టారు. తర్వాత మాధవిని పిలిచాను. ఆమె కూడా అక్కడే పెట్టింది. జుట్టు ఇంతే ఒత్తుగా ఉందని కూడా అంది. జబ్బులో కుమారి జుట్టంతా ఊడిపోయింది.

అప్పుడు చెప్పాను, ఈమె పోయిందని. అత్తగారు లోపలికి వెళ్ళి దేవుడికి దీపం పెట్టారు. మాధవి వెళ్ళి తలుపు గడియ వేసింది.

నాకు భయం వెయ్యలేదు. ఇది నిజంగా చెబుతున్నాను. నాకు ఏడుపొచ్చింది. అది కూడా పోయిన మనిషి కోసం కాదు. వచ్చిన మనిషి నా ఇంటికి రాలేదని. వాళ్ళ పాత క్వార్టర్‌కీ మాకూ మధ్య ఒక్క గోడ. ఆ గోడ దాటి రానిది, నది మీద వంతెన దాటి, ముక్కూ మొహం తెలియని మనిషి ఇంట్లో కింద కూర్చుని టీ తాగింది. చదివి వినిపించింది. ముందు నాకు వినిపించేది కదా.

ఆఫీసుకి సెలవు పెట్టి మధ్యాహ్నాలు మాధవి ఇంట్లో కూర్చున్నాను. అత్తగారు గుమ్మానికి వేపాకు కట్టారు. నేనే తీయించాను. మంచం పక్కన కింద చోటు ఖాళీగా ఉంచి, ఒక గ్లాసు టీ ఎక్కువ పెట్టించేదాన్ని. చల్లారిపోయేది. ఎవరూ రాలేదు. సెలవులైపోయాయి. డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఇంకో పోస్టు మిగిలి ఉండేది. ఫోరంలో కుమారి రాసిన మొట్టమొదటిది. కొన్ని వారాల తర్వాత అదీ తెలుగులో వచ్చేసింది. ఆఫీసులో చూసి, అక్కడి నుంచే మాధవికి ఫోన్ చేశాను. అప్పుడు చెప్పింది, కుమారి మళ్ళీ వచ్చిందని. ఆ ఒక్కసారే. భయంతో కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదట. ఆమె చదువుతుంటే టైప్ చేసిందట. లేచి వెళ్ళబోతుంటే ధైర్యం చేసి అడిగిందట, శారదక్క రోజూ మీ కోసం చూసింది, ఆమె దగ్గరికి ఎందుకు పోరని.

ఏమందో చెప్పమన్నాను. మాధవి చెప్పనంది. నేను బతిమాలాను. చివరికి ఆ మాట విన్నది విన్నట్టే చెప్పింది.

"దాని కాడికెల్తే మరి నన్నెల్లనీదు."

మాధవికి మా వైపు మాట రాదు. 'కాడికెల్తే' అన్నప్పుడు ఆమె నోట్లో ఆ మాట అరువు తెచ్చుకున్నట్టే ఉంది. కల్పించాలనుకున్నా ఆమె వల్ల అయ్యేది కాదు. నన్ను అంత బాగా ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరే ఉండేవారు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఫోరం బాగా నడుస్తోంది. కొత్త పిల్లలు చేరుతున్నారు, కుమారి కబుర్లు వింటున్నారు. దీన్ని పూర్తిగా మాధవి చేతుల్లో పెట్టేశాను. మా ఆయన అన్నీ విని, ఆ అత్తాకోడళ్ళు ఎవరో వేరే ఆడమనిషిని చూసి పొరబడ్డారన్నారు. కావచ్చు. మరి ఆ ప్రశ్న గుర్తుల్ని ఎవరు చదివారంటే, పొద్దున డ్యూటీ ఉంది, పడుకో అన్నారు.

మాధవి మీద కోపం ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. కనబడినప్పుడల్లా ఆమెని ఒక్కటే అడుగుతుంటాను. ఆ మాట అన్నప్పుడు నవ్వుతూ అందా, విసుక్కుంటూ అందా అని.

భయంలో మొహం చూడలేదంటుంది.